ప్రేమ ఉండేదని రుజువు

ఫయట్‌విల్‌లో నవంబరు. సైనిక స్థావరం గేటు దగ్గర
నా వ్యాను అడుగుకి అద్దం తోసి చూశాడు కుర్ర సిపాయి.
ఏమీ దొరకలేదు.
దొరకాల్సింది నా చొక్కా జేబులో ఉంది, నాలుగు మడతల్లో,
ఒక మోటెల్ రసీదు.

న్యాయ సహాయం గదిలో పదకొండు కుర్చీలు,
పది మంది ఆడవాళ్ళు, నేను.
ఫారంలో 'సైనికుడి భార్య' అన్న చోట
భార్యను కొట్టేసి భర్త అని రాశాను:
ఓడెల్ ప్రూయిట్, స్కూలు బస్సుల మెకానిక్.
'సైనికుడు' అన్న చోట ఏం కొట్టాలో తెలీక
పక్కన కొరిన్ అని రాసి ఊరుకున్నాను.

కెప్టెన్ లిండ్‌క్విస్ట్‌కి నా మేనల్లుడి వయసు.
మాటల్ని మాత్రం ఇస్త్రీ బట్టల్లా మడతపెట్టి అందిస్తాడు.
కమాండరుకి ఉత్తరం రాయొచ్చట,
సైనిక చట్టంలో దీనికొక నిబంధన ఉందట,
కానీ పడకమీది తప్పు ఒక్కటే చాలదట,
దళంలో క్రమశిక్షణ చెడిందనో
సైన్యం పరువు పోయిందనో చూపాలట.
"ఇల్లు చెడితే?" అన్నాను.
పెన్నుకి మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

భుజం మీది చారలు ఊడితే జీతం ఊడుతుంది,
జీతం ఊడితే మా మేవిస్ పళ్ళ తీగలకు కట్టే నెల వాయిదా ఊడుతుంది.
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారే,
మా ఇంట్లో అది
పదమూడేళ్ళ పిల్ల నోట్లో పడుతుంది.

విడాకులకు ఈ రాష్ట్రంలో ఏడాది వేరుగా బతకాలట.
నవ్వొచ్చింది.
పదిహేనేళ్ళ కాపురంలో ఆరేళ్ళు ఎడారులకే ధారపోశాం,
వాటిని జమ కట్టుకోరా అని అడిగాను.
కట్టుకోరట.
విడిపోవాలనే ఉద్దేశంతో ఉన్న దూరమే లెక్కట.
మాది కలుసుకోవాలనే ఉద్దేశంతో ఉన్న దూరం.
చెల్లదు.

ఇంకొకటుంది, అన్నాడు గొంతు తగ్గించి,
చాలా రాష్ట్రాలు ఎప్పుడో ఎత్తేశాయి, ఇక్కడింకా బతికుంది:
ఆ మూడో మనిషి మీద దావా.
అనురాగాన్ని దారి మళ్ళించినందుకు పరిహారం.
దానికి బయటి వకీలును పెట్టుకోవాలి, నేను కోర్టులో నిలబడలేను.
కాకపోతే ముందుగా మీరు తేల్చాలి,
దారి మళ్ళేందుకు అసలంటూ అనురాగం ఉండేదని.

రుజువు కావాలి.

బోల్టు వదులైతే పానా పెట్టకముందే నా చేతికి తెలుస్తుంది.
ఇది తెలీలేదు.
ఆ రాత్రి గరాజులో దీపం వేసి
బూట్ల పెట్టె బోర్లించాను.

ఒక వాయిస్ మెయిల్, నలభై సెకన్లు, మాటల్లేవు,
జనరేటరు రొద, గాలి, మధ్యలో ఆమె ఊపిరి.
దీన్ని గుమాస్తా ఏమని రాసుకుంటాడు?
ఇద్దరం నవ్వుతున్న ఫొటోలు చాలా ఉన్నాయి,
అవి ఎవరి పెట్టెలోనైనా ఉంటాయి.
అడుగున, కాందహార్ నుంచి వచ్చిన రూళ్ళ కాగితం:
వాటర్ హీటరు ఆరిపోతే ఎలా వెలిగించాలో
బొమ్మ గీసి, బాణాలు వేసి,
మూలన చిన్నగా
'ముందు చెప్పులేసుకో, నేల తడిగా ఉంటుంది.'

దాన్ని తెల్ల కవరులో పెట్టాను వకీలు కోసం.
మోటెల్ రసీదు ఇంకో కవరులో.
ఏది ఎక్కువ బరువో తూచలేదు.

పొద్దున్నే స్నానాల గదిలోంచి మేవిస్ అరుపు,
"నాన్నా, నీళ్ళు మంచులా ఉన్నాయి!"
హీటరు ఆరిపోయింది. మీట ఎటు తిప్పాలో
పదేళ్ళుగా నాకు గుర్తుండి చావదు.
కవరు చింపి కాగితం తీశాను.
బాణం చూపిన చోట నొక్కి పట్టుకున్నాను,
ముప్పై దాకా లెక్కపెట్టమంది, లెక్కపెట్టాను.
నీలంగా అంటుకుంది.

తిరిగి మడుస్తుంటే చూశాను,
బాణం పక్కన నా బొటనవేలి నూనె మరక.
సాక్ష్యం చెడిందో బలపడిందో
వకీలును అడగాలి.
చెప్పులు వేసుకోలేదు. నేల తడిగానే ఉంది.