చాసిస్ నంబరు

కాజీపేట చౌరస్తాల మళ్లీ ఆపిండ్రు.
ఎం.హెచ్. ముప్ఫైమూడు చూసి
"కహా సే?" అన్నడు హోంగార్డు.
సిరొంచ, అన్న. వంతెన దాటితె మీ కాళేశ్వరమే గద.
నా తెలుగు విని
లైసెన్సు ఇంకోసారి తిప్పి చూసిండు.

గడ్చిరోలి ఎన్వోసీకి మూడు నెలలు.
లైఫ్ టాక్సుకు నైట్ డ్యూటీల పైసలన్నీ.
ఆర్టీఏ ఆఫీసు ఎనుక, జిరాక్సు దుకాణం నీడల
ఏజెంటు మొండయ్య బానెట్ లేపి
ఇనుము మీద కాగితం పెట్టి
పెన్సిలుతోని రుద్దుతుండు.
ఒక్కొక్క అంకె తేలుతున్నది,
మా వార్డుల ముసలాయన మోచేతి మీద
ఎంత తట్టినా దొరకని నరం
ఆఖరికి తేలినట్టు.

"ప్లేటు ఎన్నిసార్లన్న మార్చుకో సిస్టర్,
గిది మాత్రం గిదే."

పాత ప్లేటు ఇప్పిండు.
స్క్రూల సందుకెల్లి ఇసుక రాలింది.
ఏ ఒడ్డుదని
ఎవ్వలు అడగలే.