ఫోన్ పెట్టే ముందు

మా ఇంట్లో ఫోన్ పెట్టేటప్పుడు
"ముద్దులు" అంటాం.
అమ్మకి, పిన్నికి, ఆఖరికి
పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే నా బడి స్నేహితురాలికి.
బుడాపెస్ట్ అంతా అంతే లెండి,
అదొక ఫుల్‌స్టాపు.
వినేవాళ్ళూ వినరు, అనేవాళ్ళూ వినరు.

జనవరి, మంగళవారం, పది దాటి ఏడు నిమిషాలు.
నీటి మీటర్ల విభాగం, నాలుగో అంతస్తు.
పగిలిన మీటర్ల లెక్క
డైరెక్టరు సాలొంతయి గారికి ఫోన్‌లో ఒప్పజెప్పాను,
నూట నలభై రెండు,
అందులో పదకొండు తప్ప అన్నీ గడ్డకట్టి పగిలినవే.
"సరే, పిరోష్కా గారూ" అన్నారాయన.
"సరేనండీ, ముద్దులు" అన్నాను నేను.

కాలు జారితే తీసుకోవచ్చంటారు.
ఆ పొద్దున కాలూ జారాను, ట్రామ్ మెట్టు మీద.
మేజోడుకి మోకాలి దగ్గర చిరుగు పడితే
అది పాకకుండా గోళ్ళరంగు పూశాను,
ఎర్రది, సొరుగులో అదొక్కటే ఉంది.
కాలిని తీసుకున్నాను, నిజమే.

అటువైపు నిశ్శబ్దం.
కొళాయి తిప్పాక నీళ్ళకి ముందు
గొట్టంలో గాలి కదిలే పాటి నిశ్శబ్దం.
తరవాత ఏదో కిందపడ్డ చప్పుడుతో కలిసి
"ఆఁ, మీకు కూడా" అని వినిపించి
ఠక్కున పెట్టేశారు.

ఎదుటి బల్ల ఎమొకె తలెత్తలేదు.
ఎత్తకపోవడంలోనే తెలిసింది విన్నదని.
మధ్యాహ్నం కాఫీ గదిలోకి వెళ్ళేసరికి
ముగ్గురు నిలబడి శ్రద్ధగా చెంచాలు తిప్పుతున్నారు
చక్కెర వెయ్యని కాఫీలో.

రాత్రి ఆయనకి మెయిల్ రాయబోయాను.
అలవాటు అని రాస్తే
ఊరందరికీ పెడతాననుకుంటారు.
పొరపాటు అని రాస్తే
ఆయన ముఖానికి అంత లేదన్నట్టుంటుంది.
రెండూ కొట్టేసి
మీటర్ల లెక్క మళ్ళీ పంపాను.

మా ఆఫీసు లిఫ్టుకి తలుపుల్లేవు, అది ఆగదు కూడా.
గొలుసుకి కట్టిన చెక్కపెట్టెలు
ఒక పక్క ఎక్కుతూ ఒక పక్క దిగుతూ
తిరుగుతూనే ఉంటాయి డెబ్బై ఏళ్ళుగా.
పెట్టెకి ఇద్దరు. చూసుకుని దూకాలి.
బుధవారం దూకాక చూసుకున్నాను,
లోపల ఆయన.

నాలుగో అంతస్తు వచ్చింది.
ఆయనది మూడు, అప్పటికే దాటిపోయింది.
నేను కదల్లేదు. ఆయన గొడుగు కొన చూసుకుంటున్నారు.
ఐదు. ఆరు.
"ఇక్కడ దిగిపోండి" అని ఎర్ర అక్షరాల బోర్డు
మా కాళ్ళ కిందికి జారిపోయింది.

పైన అటక, చీకటి, నూనె వాసన.
పళ్ళచక్రాలు మూలుగుతుంటే పెట్టె ఊగి
పక్కకి జరుగుతోంది.
ఏదో ఒకటి అనాలి, ఎవరో ఒకరు.
అన్నది ఆయన కడుపు,
గుర్రుమని, దీర్ఘంగా,
చివర ప్రశ్నార్థకం పెట్టినట్టు.

"తినలేదాండీ?" అన్నాను.
"ఇల్లు తాళం వేసి తాళంచెవులు లోపలే మరిచాను,
తిరిగి రొట్టె కోసం వెళ్ళడానికి..."
ఇక ఆపుకోలేకపోయాను.
సంచిలో జున్ను పొగాచాలు రెండున్నాయి.
చీకట్లో చెయ్యి వెతుక్కుని ఒకటి పెట్టాను.

దిగుతుంటే నాలుగో అంతస్తులో ఎమొకె,
ఫైళ్ళు గుండెకి హత్తుకుని.
ఆమెకి ముందు మా బూట్లు కనిపించి ఉంటాయి,
తరవాత నా ఎర్ర మోకాలు,
తరవాత ఆయన టై మీద జున్నుపొడి.
"శుభోదయం" అంది.
"ఉమ్" అన్నాం ఇద్దరం, నోరు నిండి.

ఇప్పుడు ఏప్రిల్. మీటర్లు పగలడం తగ్గింది.
లెక్క చెప్తాను, సరే అంటారు,
సరేనండీ అంటాను.
ఆ తరవాత ఒక అరక్షణం
ఇద్దరం రిసీవరు పట్టుకునే ఉంటాం,
మంచు పట్టిన మెట్టు మీద
కాలు చూసుకుని పెట్టేవాళ్ళలా.

నిన్న మా అమ్మకి మాత్రం
ఫోన్ పెడుతూ
"మీటరు నంబరు దగ్గర పెట్టుకోండి" అన్నాను.