కమ్మీ, దారం

చీటీలో "బి" వచ్చింది.
బి అంటే దారం. ఎ అంటే స్టీలు కమ్మీ.
నా థీసిస్‌లో కర్రోడు పదకొండో కుక్క.

కొర్లగుంట నుంచి ఆటోలో తెచ్చాడు చెంగల్రాయుడు,
శ్లాబులకు కమ్మీలు కట్టే మనిషి.
ఊపిరితిత్తిలో గడ్డిముల్లు దిగి చీము పట్టింది;
ఎదురొమ్మును రంపంతో నిలువునా తెరిచి
మళ్ళీ మూయాలి.
"దేంతో మూస్తారు మేడమా?" అన్నాడు.

రెండూ చూపించాను.
దారాన్ని వేళ్ళ మధ్య రుద్ది వదిలేశాడు.
కమ్మీని మాత్రం చుట్టాన్ని చూసినట్టు చూశాడు.
జేబులోంచి కొక్కెం తీసి
గాల్లోనే మెలి తిప్పాడు:
"మూడు మెలికలు. నాలుగోది ఆశ.
ఆశకు పోతే తెగుతాది."

మా ప్రొఫెసర్ ఇదే మాట
నలభై స్లైడుల్లో చెప్పారు.

"అయితే నీ లెక్కన కమ్మీయే మేలా?"
తల గోక్కున్నాడు.
"శ్లాబు ఊపిరి తీయదు గదమ్మా.
కాంక్రీటు పోసినాక అది కదిలితే తప్పు.
ఇది కదలకపోతే తప్పు."

ఆ రాత్రి పట్టిక ముందేసుకుంటే
గడులన్నీ ఇరుకనిపించాయి.
ఎముకల మధ్య ఎడం, మిల్లీమీటర్లలో.
అరచేతి కింద కటుక్కుమందా, లేదా.
చెమ్మ. జ్వరం. ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు.
నొప్పికి సున్నా నుంచి నాలుగు దాకా అంకెలున్నాయి;
ఆ అంకెలు నావి, కుక్కవి కావు.

కమ్మీ వేసిన ఐదోదానికి
మూడోవారం ఎక్స్‌రేలో ఒక మెలిక విరిగి
తెల్లటి కామాలా కనబడింది.
దారం వేసిన ఎనిమిదోదానికి
ఎముక అతక్కముందే కాస్త జారింది,
అయినా మేడమెట్లు ఎక్కేసింది.
ఏది గెలిచిందో రాయమంటే
నేనింకా పెన్ను మూత తీయలేదు.

తొమ్మిదో రోజు చెంగల్రాయుడు వచ్చాడు,
గోళ్ళలో సిమెంటు.
"ఆ దారం ఎన్నాళ్ళుంటాది?"
"ఆరేడు నెలలకు కరిగిపోతుంది."
"కరిగి యాడికి పోతాది?"
"ఒంట్లోకే."
కాసేపు మాట్లాడలేదు.
"కమ్మీ అయ్యుంటే,
వీడు పోయినాక కాలిస్తే బూడిదలో దొరికుండేది.
ఏరి పెట్టుకొనుందును," అన్నాడు,
కొలత సరిచూసుకుంటున్నట్టు.

బయట చెత్తబండి పాట మోగింది.
కర్రోడు ఒళ్ళంతా బిగబట్టి
ఒక్క అరుపు అరిచాడు. సగం అరుపు,
మిగతా సగం దగ్గు.
పట్టికలో దానికి గడి లేదు.
అంచున పెన్సిలుతో రాసుకున్నాను:
బి, పదకొండు. తొమ్మిదో రోజు. మొరిగాడు.