బొజ్జయ్య పద్దు

హన్మకొండ ఆఫీసు రెండో అంతస్తులో
స్క్రీన్ మీద అడవి చాలా బుద్ధిగా ఉంటుంది.
ఒకటే ఆకుపచ్చ. చప్పుడు లేదు.
పస్రా దాటాక నా గీత నిటారుగా పోతుంది,
నాలుగు వరుసలు, నడుమ గోడ, గంటకు నూరు.
ఒక్క వంపు లేదని
ఆ సాయంత్రం నన్ను నేనే మెచ్చుకున్నాను.

తర్వాత కొలతలకు వెళ్లాను.
గ్యాంగు మనిషి పూనెం బొజ్జయ్య
పార భుజాన వేసుకుని ముందు నడిచాడు.
ముప్పై రెండేళ్లుగా ఆయన పని
గుంతలు పూడ్చడం, కంప కొట్టడం,
తెల్లారకముందే రోడ్డు మీద చచ్చినవాటిని తీసేయడం.
మూడో పని ఏ జీవోలోనూ లేదు.

జేబులోంచి ఒక పుస్తకం తీశాడు,
పాలకేంద్రం వాళ్లిచ్చేది, చెమటకు ఉబ్బింది.
"ఎందుకు రాస్తున్ననో ఎరుక లేదు మేడం,
పారేసే ముందు పేరన్న రాయాలె గద."

పదిహేడు బై నాలుగు. దుప్పి. ఆడది. పాలున్నయి.
పదిహేడు బై ఆరు. అలుగు. ఉండలెక్క ముడుసుకున్నది, లారీకి ఏమెరుక.
పదిహేడు బై ఆరు. ఏదు. ముండ్లు పోరగాండ్లు ఏరుకపోయిండ్రు.
పద్దెనిమిది బై రెండు. గుడ్డెలుగు పిల్ల. తల్లి రెండు రోజులు ఈడనే తిరిగింది.
పదిహేడు బై ఆరు. ఉడుము.
పదిహేడు బై ఆరు. కొండచిలువ, సగం.
తొలకరి రాత్రి. కప్పలు. లెక్కవెట్టలే.

ములుగు గెస్ట్‌హౌసులో కరెంటు పోయిన రాత్రి
ఫోను లైటు కింద నక్షా పరిచి
ఒక్కో పద్దుకు ఒక్కో ఎర్రచుక్క పెట్టుకుంటూ పోయాను.
పదిహేడు బై ఆరు దగ్గర
చుక్క మీద చుక్క పడి కాగితం చిరిగింది.
అక్కడ నా డ్రాయింగులో ఏముంది?
మీటరు తూము.
నీళ్లకని వేశాను. నీళ్లు అక్కడ నాలుగు నెలలే.

కాలేజీలో ట్రాఫిక్ లెక్కపెట్టడం నేర్పారు:
బస్సు మూడు కార్ల పెట్టు,
ఎడ్లబండి ఎనిమిది కార్ల పెట్టు.
దుప్పి ఎన్ని కార్ల పెట్టో
ఏ పట్టికలోనూ లేదు.

పొద్దున అడిగాను, వంతెన ఎక్కడ పెడితే దాటతాయని.
వాగులోకి దిగి, వంగి,
తూములోంచి అవతలికి చూడమన్నాడు.
"మొగం కనవడుతుందా?"
"చీకటి."
"గంతే. అవతల ఆకాశం కనవడకుంటే
దుప్పి తల వెట్టది.
మనిషన్న పోతడేమో గని."

మీటింగులో ఈఈ సారు నవ్వారు,
"ఆరు మీటర్ల ఎత్తా? దుప్పులు టోలు కడతాయా?"
అందరూ నవ్వారు. నేనూ కొంచెం.
పుస్తకం బల్ల మీద పెట్టాను.
పేజీలు తిప్పారు, చాయ్ చల్లారింది,
కప్పల దగ్గర వేలు ఆగింది.
"లెక్కపెట్టలే అంటే?"
"పార సరిపోలేదట సార్."

పదిహేడు బై ఆరుకు
ముప్పై మీటర్ల వంతెన వచ్చింది,
కింద కాంక్రీటు వేయకుండా, వాగు మట్టిని మట్టిగానే ఉంచి.
నడిగోడ రెండుచోట్ల తెగింది.
నా నిటారు గీతకు ఇప్పుడొక ఎత్తుంది,
దూరం నుంచి చూస్తే
ఎవరో దుప్పటి కింద మోకాలు మడిచినట్టు.

పద్దెనిమిది బై రెండుకు మాత్రం
'తదుపరి దశ' అని రాశారు.
రాశారు అంటున్నాను గానీ
ఆ పెన్ను నాదే.

టెండరు ఇంకా పిలవలేదు.
లారీలు ఎప్పటిలాగే పోతున్నాయి.
వచ్చే నెల రిటైరయ్యే బొజ్జయ్య
నిన్న ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు.
వంతెన బొమ్మ చూపించాను. కిందున్న ఖాళీని
చాలాసేపు చూశాడు, వంగి, తల పక్కకు పెట్టి,
అవతల ఏమన్నా కనబడుతుందా అన్నట్టు.

తర్వాత చెయ్యి చాపాడు.
"పుస్తకం ఇయ్యిండ్రి మేడం.
మొగులైంది. ఇంక పేజీలున్నయి."