పంటితో విన్న చప్పుడు

ముందు చక్రం ఏదో అంటోంది.
కుడిది.
రేవిడి మళ్ళలో దమ్ము చేసినన్నాళ్ళూ
బురద పుక్కిలిపట్టి ఊరుకుంది.
తారురోడ్డు ఎక్కానో లేదో మొదలెట్టింది.
గర్ర్‌మని ఒక రాపిడి, మధ్యలో ఒక టిక్కు,
అన్నంలో రాయి తగిలినా ఆపకుండా
ఎవరో నమిలేస్తున్నట్టు.

"మట్టిగడ్డేదో పట్టుకుని ఉంటాది.
పాటలెట్టుకో, వినపడదు" అన్నారు కోటినాయుడు గారు.
బండి ఆయనది, చెవులు నావి.
పెట్టుకున్నాను.
పాటకీ పాటకీ సందు దొరికినప్పుడల్లా
అది తన మాట చెప్పింది.

తొట్టినిండా బంతిపూల బస్తాలు,
తెల్లారకముందే ఆనందపురం చేరాలి.
మలుపులో ఎడమకి తిప్పితే గట్టిగా అరిచింది,
కుడికి తిప్పితే గొంతు తగ్గించింది.
బరువు పడిన వైపే నొప్పని
అప్పటికి నాకు తట్టలేదు.

పూలు దించేసి ఎర్రప్పడు షెడ్డుకి పోనిచ్చాను.
ఇరవయ్యేళ్ళు ఓడల కడుపులో కూచుని
రేకుల మీద సమ్మెట కొట్టిన మనిషి.
"సెవులు యార్డుకిచ్చీసేను బావూ,
పింఛనీ నేను తెచ్చుకున్నాను" అంటాడు,
ఎవరడిగినా అదే మాట, అదే నవ్వు.

చప్పుడెలా ఉందో నోటితో చేసి చూపించాను.
నా పెదాలవైపు కాసేపు చూశాడు.
"ఆగాగు. నీ మూతికేటి తెలుసు?
దాన్నే అడుగుదుం."

వెనక చక్రాలకి రాళ్ళు, ముందు జాకీ.
చక్రాన్ని పైనా కిందా పట్టుకుని
ఉయ్యాలతొట్టిని కదిపినట్టు కదిపాడు.
టక్. టక్.
"గంగులూ, కింగుపిన్ను మీద సెయ్యెట్టు.
అదేటైనా కదల్తందా?"
"నేదు తాతా."
"అయితే లోపలే."

పాత స్క్రూడ్రైవరు తీశాడు.
కర్రపిడి మీద గుంటలు గుంటలు,
ఎలక కొరికిందేమో అనుకున్నాను.
మొనని ఇరుసుకి ఆనించి
పిడిని పళ్ళ మధ్య పెట్టుకుని
కళ్ళు మూసుకున్నాడు.
కుర్రాడు చక్రం తిప్పాడు.

రోడ్డు మీద లారీలు, పక్కన వెల్డింగు,
పూలబుట్టల కోసం ఆడవాళ్ళ కేకలు.
ఇవేవీ లేని చోట కూచుని
దవడ ఎముకతో వింటున్నాడు.
ఒకసారి చెయ్యెత్తాడు, ఆపమని కాదు,
నెమ్మదిగా తిప్పమని.

మూత ఊడింది. మేకు వంపు విప్పి లాగాడు.
నట్టు వదులైంది. హబ్బు జారి ఒళ్ళోకొచ్చింది.
లోపల గ్రీజు గ్రీజులా లేదు,
చిలికిన మజ్జిగలా తెల్లబడి ఉంది.
కిరసనాయిల్లో కడిగితే
రోలర్ల ఒంటినిండా అమ్మవారి మచ్చలు.
"నీళ్ళు తాగీసింది" అన్నాడు.

ఎక్కణ్ణించి తాగిందో వెతికాడు.
వెనకవైపు సీలు ఒక పక్కకి ఒరిగి ఉంది,
అంచు చిరిగి ఉంది.
"ఇది ఎవులేసేరు?"

నిరుడు వేసవి, ఇదే చెక్కబల్ల,
నాకు గుర్తుంది.
నేను బీడీ వెలిగించుకోవడంలో మునిగిపోయాను.

సీలుని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.
రేకు మీద ఒకచోట నొక్కు,
విరిగిన గోరంత, అర్ధచంద్రం.
లేచి తన సుత్తి తెచ్చాడు.
సుత్తి మూతి ఒక మూల విరిగి ఉంది.
నొక్కులో ఆ మూలని ఆనించాడు.
సరిపోయింది.

చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, సుత్తితోనే అన్నట్టు,
"నానే."
ఇంకొంచెం ఆగి,
"కొత్త బేరింగు గదాని ఆ రోజు పంటితో వినలేదు."

సామాను డబ్బులే తీసుకున్నాడు.
కూలి నోట్లు నా జేబులోకే తోసేశాడు.
కొత్త సీలుని చెక్కముక్క అడ్డుపెట్టి
చుట్టూ సమంగా, అంగుళం అంగుళం దించాడు.
సుత్తి మూల అరగదీసెయ్యొచ్చు కదా అన్నాను.
నా పెదాలు చూసి తలూపాడు.
"ఉండనీ. రేపు మళ్ళీ ఎవుల్నైనా
తిట్టబోతే అడ్డొస్తాది."

ఖాళీ తొట్టితో తిరిగొస్తున్నాను.
మలుపు దగ్గర పాట ఆపేశాను.
ఎడమకి తిప్పుతూ
ఎందుకో పళ్ళు బిగబట్టాను.