నాచు మేసిన దుప్పి

మే నెలకి మా రకియురా దీవిలో చలి గడప దాటుతుంది.
నా పడవలోకి మనుషులూ, తుపాకులూ, ఉల్లిపాయల బస్తా,
పది రోజులకు సరిపడా కోతలూ ఎక్కుతాయి.
చీటీలో ఎవరికి ఏ తీరం పడితే వాళ్లకి ఆ అడవి.
నేను సరంగుని. వేట నా పని కాదు.
దింపడం, మళ్లీ ఎక్కించుకోవడం,
మధ్యలో గాలం వేసుకుని కూచోవడం.

డూగల్‌కి ఇది నలభై ఒకటో సీజను.
ఈసారి ఒక్కడే వచ్చాడు.
ఎడమ మోకాలు మాట వినడం మానేసింది.
దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు,
పట్టుకోనట్టు.
"ఒక్కటి చాలు, హినెరౌ," అన్నాడు,
"ఇంట్లో ఫ్రీజరు కూడా నాలాగే చిన్నదైపోయింది."

మూడో రోజు పొద్దున గాలి పడిపోయింది.
నీళ్లు నూనె రాసినట్టున్నాయి.
స్క్విడ్ ముక్క గుచ్చి
సీసపు గుండు అడుగు తాకిందాకా దారం వదిలాను.
తాకినప్పుడు వేలికి తెలుస్తుంది,
చీకటి గదిలోంచి ఎవరో తలుపుని గోటితో తట్టినట్టు.

మొదటి కాడ్ కొలబద్దకి వేలెడు తక్కువ.
తడి చేత్తో పట్టి, మూతి విడిపించి, వదిలేశాను.
పోతూ పోతూ తోకతో నా కంట్లో ఉప్పునీళ్లు కొట్టింది.

కన్ను తుడుచుకుని చూద్దును కదా,
ఒడ్డున దుప్పి.

తెల్లతోక పోతు. ఆరేడేళ్లుంటాయి.
రాత్రి అలలు విసిరిపోయిన నాచుకుప్పలో
ముందుకాళ్లు దిగేసి,
తోలు పటకాల్లాంటి ఆ గోధుమరంగు ఆకుల్ని
తీరిగ్గా నములుతోంది.
ఉప్పు కోసం దిగుతాయని ముప్పై ఏళ్లుగా తెలుసు.
అయినా చూసిన ప్రతిసారీ
పక్కింటి కిటికీలోంచి తొంగిచూసినట్టే ఉంటుంది.
ఎడమ కొమ్ముకి ఒక నాచు పీలిక వేలాడుతోంది,
పెళ్లిలో తాగి తూలే బావమరిది మెళ్లో దండలా.

రేడియో గరగరలాడింది.
"అటువైపు ఏమైనా కనబడుతోందా?"
డూగల్. గొంతు కాదు, గుసగుస.

సరంగు కళ్లతో వేటాడకూడదన్నది అతని నియమం.
నలభై ఏళ్లలో ఒక్కసారి అడిగింది లేదు.
ఇప్పుడడిగింది అతను కాదు,
మోకాలు అనుకున్నాను.

బొత్తాం నొక్కాను.
దుప్పి చెవి ఒకటి ఇటు తిరిగింది.
"అలలు తప్ప ఏం లేదు."

సరిగ్గా అప్పుడే నా గాలానికి ఇంకోటి తగిలి
రీలు కీచుమంది.
నవ్వొచ్చింది.
ఒక చేత్తో ఒక ప్రాణాన్ని దాస్తూ
రెండో చేత్తో ఇంకోదాన్ని లాగుతున్నాను.

దుప్పి మరో నోరు నమిలి,
తెల్లతోక ఎత్తి,
పొదల్లోకి పోయింది. పరుగు కూడా తియ్యలేదు.

సాయంత్రం గుడిసెలో చేపలు వేయించాను.
అతను తుపాకీ విప్పి నూనెగుడ్డతో తుడుస్తున్నాడు.
పేలకపోయినా తుడవాల్సిందే, ఉప్పుగాలి.
వెన్న చిటపటల మధ్య, తలెత్తకుండా అన్నాడు:
"మంచి పోతు. ఎడమ కొమ్ముకి నాచు."

అట్లకాడ నా చేతిలో ఆగిపోయింది.

"గుట్ట మీద పడుకునున్నా.
నూట ఇరవై గజాలు. ఊపిరి సగం వదిలేశా కూడా.
అద్దంలో దాని భుజం,
భుజం వెనక నీళ్లు,
నీళ్ల మీద నీ పసుపు కోటు."

"జరగమని చెప్పొచ్చుగా?"

"చెబుదామనే రేడియో తీశా."
నూనెగుడ్డ మడతపెట్టాడు, ఇంకో మడత పెట్టాడు.
"నువ్వేమంటావో వినాలనిపించింది."

చేప ఒక పక్క మాడింది. ఇద్దరం తిన్నాం.
ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.
చూరు మీద వాన మొదలైంది.

పడుకోబోయే ముందు
గోడకి వేలాడే గుడిసె పుస్తకం తీసి
తేదీ వేశాడు, గాలి ఎటునుంచో రాశాడు.
'కనబడినవి' అన్న గడిలో
'అలలు' అని రాశాడు, పిల్లాడి దస్తూరీతో.

'పడినవి' అన్న గడి ఖాళీగా వదిలేసి
పెన్ను నా వైపు దొర్లించాడు.