మూడు అగ్గిపుల్లల ఎడం

జూన్ నుంచీ చుక్కలకు మూలలు మొలుస్తున్నాయి.
స్వాతి నక్షత్రం ఐపీస్‌లో
సమోసాలా మూడు కొసలతో వణుకుతుంటే
గాలి బాగాలేదనుకున్నాను.
తప్పంతా తార్నాక ట్రాఫిక్ మీదికి నెట్టేశాను.
దేవసహాయం గారు ఒక్కసారి కన్నుపెట్టి చూసి
"గాలి కాదు బిడ్డా, నువ్వే" అన్నారు.
"అద్దం గొంతు పట్టుకున్నవ్."

నిజమే. పోయినేడు అతికించింది నేనే.
మూడు బొట్లు చాలన్న చోట
అరచేతులంత అంటు పూశాను.
ఎనిమిది అంగుళాల గాజు అది,
ఒక చలికాలమంతా ఆయనా నేనూ
నూనె డ్రమ్ము చుట్టూ తిరుగుతూ
గరుకుపొడితో అరగదీసింది.
పడితే?

ఇవాళ ఊడదీయాలి.

డాబా మీద బొంత, బొంత మీద దిండు.
నా గాజులు తీసి చెంబులో వేశాను.
ఆయన ఉంగరం వేలిని వదల్లేదు,
దాని మీద గుడ్డపేలిక చుట్టుకున్నారు.
బేగంబజారులో కొన్న గాలం దారం,
పదిహేను కిలోల చేపకు ఆగుతుందట,
అద్దానికీ అల్యూమినియం పళ్లేనికీ నడుమ దూర్చి
అటు కొస ఆయన, ఇటు కొస నేను,
కవ్వం తాడు లాగినట్టు.
లాలాగూడ వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు
లేతు మీద ఇనుము చెక్కిన చేతులు
దారాన్ని వెంట్రుకలా లాగుతున్నాయి.
సిలికాన్ కిర్రుమంటుంది, మొండికేస్తుంది.
దారం వేడెక్కి తెగింది. మళ్లీ దూర్చాం.
కింద వీధిలో గ్యాస్ బండి,
పక్కింటి కుక్కర్ నాలుగో కూత.
మా మధ్య ఒక్క మాట లేదు.

రెండో గంట దాటాక
పాల మీద మీగడ వదిలినట్టు వదిలింది.
బరువు చేతుల్లోకి వచ్చింది.
అద్దం నిండా మబ్బులు, వాటి ముందు
కాస్త పెద్దవైన నా కళ్లు.

వెనకవైపు పాత అంటును బ్లేడుతో గీకుతుంటే
అందులో నా బొటనవేలి ముద్ర.
ఏడాదిగా చీకట్లో గట్టిపడి, గీతతో సహా.
గీకబుద్ధి కాక చూస్తూ కూచున్నాను.
ఆయన గీకేశారు.

ఇన్వర్టర్‌కు పోసే నీళ్లతో కడిగాం.
తన బరువు తప్ప ఇంకేమీ మోపకుండా
దూదిని దాని మీద నడిపించాం.
తర్వాత పళ్లెంలో మూడు అగ్గిపుల్లలు,
వాటి పక్కన రూపాయి బిళ్లంత మూడు బొట్లు.
అద్దం దించి చేతులు తీసేశాం.
"నొక్కకు. దాని బరువు దానికెరుకే."
"ఊడితే?"
"క్లిప్పులున్నయ్ గదా. అవి ముట్టవు,
పడితే ఆపుతయ్. గంతే."

రెండు రోజులు ఆరింది. గదంతా పుల్లటి వాసన.
మా అత్తయ్య పచ్చడి చెడిందేమోనని
జాడీలన్నీ మూత తీసి చూసింది.

మూడో రాత్రి పుల్లలు లాగేశాను.
ఒకటి రానంది, పట్టకారుతో, తిట్టుకుంటూ.
అద్దం తన చోట కూచుంది,
అగ్గిపుల్ల మందం గాలి దాని వెనక.

శ్రావణం మబ్బు. ఒక్క చుక్క లేదు.
ఆగలేక గొట్టాన్ని మౌలాలీ గుట్ట మీదికి తిప్పాను.
గుట్ట తలకిందులుగా వేలాడుతోంది,
మెట్లు ఆకాశంలోంచి కిందికి దిగుతున్నాయి,
అన్నిటికీ అడుగున దర్గా దీపం ఒకటి.
ఫోకస్ లోపలికి తిప్పాను, గుండ్రం.
బయటికి తిప్పాను, గుండ్రం.
దేవసహాయం గారు వంగి చాలాసేపు చూశారు.
"ఊఁ" అన్నారు.

గొట్టానికి మూత పెడుతుంటే కాలికి చెంబు తగిలింది.
మూడు రోజుల వాన అందులో,
అడుగున నా గాజులు.